చీనీ ఆకుల లాప్‌టాప్

మా ఇంట్లో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. దాని మీద దుమ్ము దులిపే హక్కు కూడా ఎవరికీ లేదు. పాత లాప్‌టాప్‌లు, ఊడదీసిన కీబోర్డులు, పగిలిన తెరలు, సీసా మూతల్లో వేసిపెట్టిన చిన్న చిన్న స్క్రూలు, అన్నీ నావే. కడపలో ఒక ఆడపిల్లల కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. పగలంతా కొత్త కంప్యూటర్లతో వేగి, ఇంటికొచ్చి పాతవాటితో సేదతీరుతాను. మా ఆయనది నందికొట్కూరు. "మా ఊర్లో పని చేయని ఎద్దును సంతకు తోలుతారు. ఈమె సంత నుంచి ఇంటికి తోలుకొస్తాది" అని వచ్చిన చుట్టాలకల్లా చెబుతుంటాడు. చెప్పుకోనీ. ఆయన స్కూటర్ స్టార్ట్ అయ్యేసరికి వీధంతా నిద్రలేస్తుంది. దాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనకూడదు.

పాత లాప్‌టాప్‌లో అన్నిటికంటే ముందు పోయేది హార్డ్ డిస్కు. లోపల ఒక పలక గిరగిరా తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఒక సన్నటి చేయి అటూ ఇటూ కదులుతూ చదువుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి తిరిగాక అది కూడా మనిషే కదా, అలసిపోతుంది. కొత్తది తెచ్చి పెడదామంటే మూతి కలవదు. పాతవాటి వెనక రెండు వరుసల్లో సూదులుంటాయి, కొత్తవాటికి అవి లేవు. అందుకని నాలాంటి పిచ్చివాళ్ళు ఒక ఉపాయం చేస్తారు. కెమెరాల్లో వాడే పాతరకం మెమరీ కార్డును ఒక చిన్న పచ్చ పలకకు తగిలించి, ఆ పలకను డిస్కు ఉండే అరలో పెడతారు. లాప్‌టాప్ దాన్ని డిస్కే అనుకుని పని మొదలుపెడుతుంది. మోసమే, కానీ ఎవరికీ నష్టం లేని మోసం. కర్నూలు గుజిరీలో, పాతసామాన్ల బజారులో, కొన్న నా ముద్దుల లాప్‌టాప్‌కు అలాగే చేసి ప్రాణం పోశాను. దాంతో నాకేమైనా పని ఉందా అంటే లేదు. మూత తెరిస్తే వెలుగుతుంది, అంతే చాలు.

ఈ విద్య నాకు తప్ప ఇంకెవరికీ పనికిరాదనుకునేదాన్ని, మా వీధి చివర ఎంబ్రాయిడరీ అక్క నాకు ఫోన్ చేసేదాకా.

అక్కకు యాభై దాటాయి. భర్త పోయి చాలా కాలమైంది. ముందు గది షాపు, వెనక గది కాపురం. షాపులో సగం చోటు ఎంబ్రాయిడరీ మిషన్‌దే. పెండ్లి జాకెట్ల చేతులకు, దుపట్టాల అంచులకు పూలూ లతలూ కుడుతుంది. ఆ మిషన్‌కు బుర్ర ఒక పాత లాప్‌టాప్. దాన్నుంచి మిషన్‌కు లావుపాటి కేబుల్ పోతుంది. ఎక్కడ సూది దిగాలో, ఎక్కడ మలుపు తిరగాలో లాప్‌టాపే చెప్పాలి. కొత్త లాప్‌టాప్‌లకు ఆ కేబుల్ దూర్చే చోటే లేదు, ఉన్నా ఆ మిషన్ మాట వాటికి అర్థం కాదు. లాప్‌టాప్ పడుకుంటే మిషన్ పడుకున్నట్టే.

రంజాన్ నెల మొదలైన కొద్ది రోజులకు, ఒక మధ్యాహ్నం ఆ ఫోను వచ్చింది.

"మేడమ్మా, లాప్‌టాప్ దగ్గుతాంది."

"దగ్గడమేందక్కా?"

"దగ్గుతాంది అంటాండా గదా. వచ్చి ఇను."

వెళ్ళాను. అక్క ఫ్యాను ఆపేసి, మిషన్ ఆపేసి, నన్ను లాప్‌టాప్ పక్కన కూర్చోబెట్టింది. ఇద్దరం చెవులు దగ్గర పెట్టుకుని కూర్చున్నాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత లోపల్నుంచి టక్, టక్, టక్ అని వినిపించింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఆ చప్పుడు విన్నాక డిస్కు బతికి బట్టకట్టడం నేను చూడలేదు.

"ఇది పోతాదక్కా" అన్నాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

అక్క లేచి ఫ్యాను వేసింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. అప్పుడు తమ్ముడి సంగతి చెప్పింది. ఆ తమ్ముడిది రాయచోటిలో పెద్ద బట్టల షాపు. ఏడాదిగా ఒకటే పోరు పెడుతున్నాడట, ఈ పాత సామాను పాతసామాన్లవానికి వేసేసి వచ్చి మా ఇంట్లో ఉండు, ఈ వయసులో ఒక్కదానివి ఎందుకు అని. పోయిన వారం లాప్‌టాప్ ఒక పూట మొండికేస్తే, పొరపాటున ఫోన్‌లో వాడితో అనేసింది. వాడికి అది చాలు. పండగకు ముందరి శుక్రవారం టెంపో తెస్తానన్నాడు.

"వాడు మంచోడే" అంది అక్క. "వాని పెండ్లాం కూడా మంచిదే. ఇల్లు బ్రహ్మాండంగా ఉండాది. కానీ ఆ ఇంటి బీగంచెవి నా నడుముకు ఉండదు గదమ్మా. ఆకలైతే అడగల్ల, బయటికి పోవల్లంటే చెప్పి పోవల్ల. ఈడైతే నా ఇష్టం. ఇది నడిచినన్నాళ్ళు నన్ను యాడికి కదిలించల్యాడు. ఇది నిలిచిపోతే ఇంగ వానికి ఏం చెప్పల్ల?"

నాకు తమ్ముడి మీద కోపం వచ్చింది. వాణ్ణి చూడనైనా లేదు. ప్రేమగా తీసుకుపోతానన్నవాడి మీద కోపమేమిటి? అయినా వచ్చింది.

"డిస్కు ఇయ్యి, ఇంటికి తీసుకపోయి చూస్తా" అన్నాను.

"నా పూలన్నీ దాంట్లోనే ఉండాయి. అది గడప దాటదు" అంది.

సరే, ఆమె గడపలోనే మొదలుపెట్టాం. కాలేజీ అయిపోగానే నా సొంత లాప్‌టాపూ, కేబుళ్ళూ సంచిలో వేసుకుని ఆమె షాపుకు పోయేదాన్ని. పాత డిస్కు ఊపిరి ఉండగానే లోపలున్నదంతా బయటికి తీసుకోవాలి. అదేమో కాసేపు చదివి, వేడెక్కి, మొరాయిస్తుంది. కడప ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఆ మధ్యాహ్నాలు మనుషులే మొరాయిస్తారు. కూలర్ ముందు పెడదామంటే తేమ. ఫ్రిజ్‌లో పెట్టమని ఎవరో చెబుతుంటారు, బయటికి తీయగానే చెమట పట్టి అసలుకే చస్తుంది. అక్క షాపులో గిరాకీల కోసం ఒక నీళ్ళ కుండ ఉంటుంది, దానికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. డిస్కును గట్టి కవర్లో చుట్టి ఆ కుండకు ఆనించి, చల్లబడ్డాక మళ్ళీ కేబుల్ తగిలించేదాన్ని.

అక్క రోజా ఉంది. తెల్లవారుజామున తాగిన నీళ్ళే, మళ్ళీ పొద్దుగూకేదాకా గుటక లేదు. కుండకు ఆనుకుని హాయిగా కూర్చున్న డిస్కును చూసి ఒకరోజు అంది, "రోజా ఉండేది నేను. నీళ్ళకుండ దానికి." నవ్వలేక నవ్వాను. ఆమె ముందర నేను నీళ్ళు తాగడం మానేశాను. ఇంటికొచ్చి చెంబెడు ఎత్తి పోసుకునేదాన్ని.

డిస్కులో ఆమె పేర్లు పెట్టుకున్న తీరు చూస్తే నాకు మతిపోయింది. డిజైన్‌కు డిజైన్ పేరు కాదు, కుట్టించుకున్నామె పేరు కూడా కాదు, ఆమె గుణం. ఏడుపుగొట్టామె ఒకటి, ఏడుపుగొట్టామె రెండు. గొణుగుడు పెద్దమ్మ. కమలాపురం తొందరామె. వదులు చేతులామె. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టి పెట్టుకుంది.

"ఇదెవరక్కా, కోపం మేడం?"

అక్క దారం కండె వెతుక్కోవడం మొదలుపెట్టింది.

తెరిచి చూస్తే నా నెమలికంఠం రంగు జాకెట్టు చేతుల డిజైన్. పోయిన దసరాకు కుట్టించుకున్నది. నేను ఆ రోజు ఏం కోపపడ్డానో నాకు గుర్తులేదు. కోపపడి ఉంటాను. ఆలస్యం చేసి ఉంటుంది.

అలా కొంచెం కొంచెంగా చాలావరకు బయటికి తీశాం. కొన్ని రాలేదు. ఏడుపుగొట్టామె రెండు పోయింది. "పోనీలే, మల్ల వచ్చి ఏడుస్తాది, అప్పుడు చేస్తా" అంది అక్క. కానీ చీనీ ఆకులున్న ఫోల్డర్ దగ్గరికి వచ్చేసరికి డిస్కు పూర్తిగా బిగదీసుకుంది. చీనీ ఆకు అక్కకు పేరు తెచ్చిన డిజైన్. వాళ్ళ నాయన చీనీ తోటలకు, అదే బత్తాయి తోటలకు, కాపలా ఉండేవాడట. చెట్టు కింద పడుకుని పైకి చూస్తే ఆకుల సందుల్లోంచి వెలుతురు ఎలా కనబడుతుందో, ఆకు నడుమ జరీ పోగు పెట్టి అలా కుడుతుంది. కమలాపురం నుంచి పెండ్లికూతుళ్ళు దానికోసమే వస్తారు. అది ఆమె కాగితం మీద గీసి, కుట్టు కుట్టుగా లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. మళ్ళీ చెయ్యాలంటే కళ్ళు సహకరించవు.

డిస్కు టక్ టక్ అంటూనే ఉంది. అక్క లేచిపోయి మిషన్ మీద గుడ్డ కప్పేసి వచ్చింది. అది చూసి నాకు భయం వేసింది. డిస్కును కుండకు ఆనించి, చల్లార్చి, తిరగేసి బోర్లా పెట్టి, ఒక పక్కకు నిలబెట్టి, నాకు తెలిసిన గారడీలన్నీ చేశాను. చివరికి ఒక పక్కకు ఒరగబెట్టి చేత్తో పట్టుకుంటే కదిలింది. చెయ్యి తీస్తే ఆగుతుందని, అది మొత్తం వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను. నా ముక్కు మీద ఈగ వాలితే అక్కే తోలింది.

వచ్చింది. చీనీ ఆకులన్నీ వచ్చాయి. నేను చెయ్యి దించాక డిస్కు ఒక్కసారి గర్రుమని మళ్ళీ లేవలేదు. దాని పని అది చేసేసి పోయింది, పాపం.

ఇక్కడిదాకా బాగానే ఉంది. పచ్చ పలక, కార్డు ముందే తెప్పించి పెట్టుకున్నాను. కార్డు తగిలించి పెడితే లాప్‌టాప్ నల్లమొహం వేసుకుని కూర్చుంది. నా తెలివితక్కువతనం. దొరికిన వాటిలో పెద్ద కార్డు తెప్పించాను. ఆ కాలపు లాప్‌టాప్‌కు అంత పెద్దది ఒకటి లోకంలో ఉంటుందనే తెలియదు, లెక్క తెగక అక్కడే ఆగిపోతుంది. చిన్న కార్డు కావాలి. అంత చిన్న కార్డు ఇప్పుడు కొత్తది దొరకదు.

అప్పుడు కమలాపురం ఫోటో స్టూడియో గుర్తొచ్చింది. పెండ్లిళ్ళ ఫోటోలు తీసేవాళ్ళ పాత కెమెరాల్లో ఈ కార్డులే ఉండేవి. ఆదివారం బస్సెక్కి పోయాను. స్టూడియో ఆయన కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

"ఏమప్పా, పాత కెమెరా కార్డు ఏమైనా ఉండాదా?"

సొరుగు లాగి వెతికాడు. ఒకటి తీసి, దాన్ని వదలకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"ఉండాది మేడం. కానీ దీంట్లో ఒక పెండ్లి ఉండాది."

"ఎవరిది?"

"ఈ ఊరోళ్ళదే. ఇంగా ఆల్బం తీసుకోని పోలేదు."

"ఎప్పుడైందప్పా ఆ పెండ్లి?"

"వాళ్ళ పెద్దోడు ఇప్పుడు బడికి పోతాండాడు" అన్నాడు, ఏమీ విశేషం లేనట్టు.

ఆ పెండ్లిని ఆయన కంప్యూటర్లోకి ఎక్కిస్తేగానీ కార్డు ఇవ్వనన్నాడు. నా చేతే ఎక్కించాడు. ఎవరి పెండ్లో ఏమో, తలంబ్రాలన్నీ చూసి, అప్పగింతలకు పెండ్లికూతురు ఏడవడం కూడా చూసి, కార్డు పట్టుకుని బస్సెక్కాను. అక్కను అడిగితే ఆ పెండ్లికూతురి జాకెట్టు తను కుట్టిందేనని చెబుతుందేమోనని భయపడి అడగలేదు. చెబితే ఆ కథ ఒక పూట.

చిన్న కార్డుకు లాప్‌టాప్ ఒప్పుకుంది. డిస్కులోంచి తీసినదంతా దాంట్లోకి ఎక్కించి, బుధవారం సాయంత్రం అక్క షాపులో పలకను అరలోకి తోశాను. ఆ లాప్‌టాప్‌కు డిస్కు అర పక్కవైపు ఉంటుంది, ఒక్క స్క్రూ తీస్తే అగ్గిపెట్టె అరలాగా జారి బయటికి వస్తుంది. పాత డిస్కు ఆ అరను నిండుగా నింపేది. నా పలక అందులో ఒక మూలకు కూడా చాలలేదు. మిగతాదంతా ఖాళీ. అక్క పక్కనే నిలబడి, నేను స్క్రూ తిప్పడం, అర లాగడం, పెట్టడం అంతా కళ్ళప్పగించి చూసింది.

"ఇంత ఖాళీ ఏందమ్మా?" అంది.

"ఏం పరవాల్యా అక్కా, అది అంతే."

మీట నొక్కితే లాప్‌టాప్ మునుపటికంటే ముందే లేచి కూర్చుంది. చప్పుడు లేదు, దగ్గు లేదు. మిషన్ మీద ఒక పాత గుడ్డ బిగించి చీనీ ఆకు కుట్టించి చూశాం. సూది దిగింది, లేచింది, మలుపు తిరిగింది. అక్క నా రెండు చెంపలూ పుణికి మెటికలు విరిచింది. ఆ రాత్రి నేను ఎవరి మీదా కోపపడలేదు. మా ఆయన ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

గురువారం సాయంత్రం ఇంకా కాలేజీలో ఉండగానే ఫోను.

"మేడమ్మా, వాసన వచ్చి ఆగిపాయ."

"ఏం వాసన?"

"మాడిన వాసన."

పర్మిషన్ పెట్టి స్కూటీ మీద ఎలా పోయానో నాకే తెలియదు. దారి పొడవునా నన్ను నేను తిట్టుకున్నాను. పలక సరిగ్గా తోయలేదా, ఒక వరుస సూది తప్పిందా, కేబుల్ నలిగిందా. రేపే శుక్రవారం. రేపు టెంపో వస్తుంది. నా పిచ్చి పని వల్ల ఒకామె కొంప ఎత్తి రాయచోటిలో పెట్టాల్సి వస్తుందని నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

అర బయటికి లాగాను. లాగగానే అందులోంచి ఒక రాగి తాయెత్తు దొర్లి నా ఒళ్ళో పడింది.

చేతిలోకి తీసుకుని చూశాను. వేలెడంత గొట్టం, రెండు చివరలా మూతలు, నల్లదారం. దారాన్ని పొందిగ్గా చుట్టి, తాయెత్తును పలక పక్కన ఖాళీలో పడుకోబెట్టారు. అది దొర్లి పలక సూదుల మీదికి పోయింది. పలక ఒక మూల నల్లగా మాడిపోయి ఉంది.

"అక్కా, ఏందిది?"

"తావీజు."

"ఇది ఈడికి ఎట్ల వచ్చింది?"

"నేనే పెట్టినా. నువ్వు తీసినట్లే స్క్రూ తీసినా, కుట్టుమిషన్ స్క్రూడ్రైవరుతో. తమ్ముడు వస్తాండాడు గదా అని పొద్దున దర్గాకు పోయి దువా చేయించుకోని వచ్చినా." ఆమె మొహంలో భయం లేదు, తప్పు చేశానన్న భావమూ లేదు. "నీ పలక పెట్టినంక లోపల అంత ఖాళీ ఉండాది గదమ్మా. పాతది నిండుగా ఉన్నింది. ఇల్లు అట్ల బోసిగా పెట్టుకుంటారా ఎవరైనా? మనసు ఒప్పల్యా."

"అది ఇల్లు కాదక్కా. లోపల కరెంటు పారుతాంటాది. ఇనుప ముక్క పెడతారా దాంట్లో?"

"ఇనుము కాదు, రాగి."

"రాగైతే ఇంగా బాగా అయింది. కరెంటుకు రాగి అంటే ప్రాణం."

అరిచాను. ఏం అరిచానో చెప్పను, బాగుండదు. మధ్యలో నాకే గుర్తొచ్చింది. ఆయుధపూజనాడు మా ల్యాబులో సర్వర్‌కు గంధం పూసి, దానికి గాలి ఆడే రంధ్రాల మీదే కుంకుమ బొట్లు పెట్టి, ముందర గుమ్మడికాయ పగలగొట్టించేది నేనే. పోయిన ఏడు ఆ కుంకుమ లోపలికి పోయి ఫ్యాను ఎర్రటి గాలి ఊదింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని నేను ఆ ఫ్యానును నా చీరకొంగుతో తుడిచాను. ఇంతలో మసీదు నుంచి పొద్దుగూకే అజాన్ వినబడింది. అక్క నా చేతిలో ఒక ఖర్జూరం పెట్టింది.

"ముందు తిను. తిన్నంక తిట్టు" అంది.

తిన్నాను. తిన్నాక తిట్టబుద్ధి కాలేదు.

కార్డును నా లాప్‌టాప్‌లో పెట్టి చూస్తే చీనీ ఆకులు చెక్కుచెదరలేదు. పాడయింది పచ్చ పలక ఒక్కటే. ఇంకొకటి తెప్పించాలంటే వారం పడుతుంది. ఊళ్ళో ఉన్న ఇంకొక పలక ఎక్కడుందో నాకు తెలుసు. తెలియకపోతే బాగుండేది. ఇంటికి పోయి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, నా కర్నూలు లాప్‌టాప్ అర లాగాను. మా ఆయన ఏదో అనబోయి నా మొహం చూసి వెనక్కి తగ్గాడు. పలక ఊడదీసి సంచిలో వేసుకుని, ఖాళీ అరను మళ్ళీ లోపలికి తోసి, మూత మీద దుమ్ము తుడిచాను. దేనికీ పనికిరాని లాప్‌టాప్ మీద అంత మమకారమేమిటో నాకే సిగ్గేసింది. సిగ్గేసినా మమకారం పోలేదు.

నేను తిరిగి వచ్చేసరికి అక్క రెక్సిన్ ముక్క రెండు పొరలుగా మడిచి, మధ్యలో దూది కూరి ఒక బుల్లి దిండు కుడుతోంది. దిండు నడుమ తాయెత్తు.

"ఇప్పుడు తగలదు గదా?" అంది.

తీసుకుని అటూ ఇటూ నొక్కి చూశాను. ఎక్కడా రాగి బయటికి లేదు. ఇంకో సంగతి చెప్పక తప్పదు. ఆ ఖాళీలో నా పలక గలగలా కదులుతుందని, ఏదైనా మెత్త పెట్టాలని నేనే అనుకుంటూ ఉన్నాను. అట్టముక్క పెడదామనుకున్నాను. అక్క దిండు అట్టముక్క కంటే బాగా కుదిరింది, కొలిచి కుట్టినట్టు. కొలిచే కుట్టింది. అర లోపలికి తోసి స్క్రూ బిగించాను. లాప్‌టాప్ లేచింది. నేను అప్పుడు కూడా ఏదో గొణిగాను, పరువు కోసం.

శుక్రవారం మధ్యాహ్నం కాలేజీలో నా మనసు నిలవలేదు. మళ్ళీ పర్మిషన్ పెట్టాను. నేను చేరేసరికి టెంపో వీధిలో నిలబడి ఉంది. నమాజు చేసుకుని అటునుంచే వచ్చినట్టున్నాడు తమ్ముడు, తెల్లటి బట్టలు, తల మీద టోపీ. నేను అనుకున్నంత రాక్షసంగా ఏమీ లేడు. బొద్దుగా, చెమటలు కక్కుతూ, తాళ్ళ కట్ట చేతిలో పట్టుకుని గడపలో నిలబడ్డాడు. షాపులో మిషన్ నడుస్తోంది. అక్క దాని ముందు కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

"ఆపా, సర్దుకున్న్యావా?" అన్నాడు. అక్కను వాళ్ళు ఆపా అంటారు.

"కూర్చో. ఆర్డరు మీద ఉండా" అంది.

వాడు కూర్చోలేదు. లాప్‌టాప్ వైపు చూశాడు, మిషన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"మీరేనా కంప్యూటర్ మేడం? బాగు చేసినారంట."

"చేసినాం" అన్నాను.

"ఎన్నాళ్ళు వస్తాది మేడం ఇది?"

అడగాల్సిన మాటే అడిగాడు. పదేళ్ళు వస్తుందని చెప్పవచ్చు. రేపే పోవచ్చు కూడా. స్క్రూ బిగిసే ఉందా అని అర మీద వేలితో తడిమాను.  మిషన్ కటకటా నడుస్తూనే ఉంది.

"పైన గదికి సున్నం కొట్టించినా ఆపా" అన్నాడు వాడు, ఈసారి మెల్లగా. "కొత్త ఫ్యాను బిగించినా."

"మంచి పని చేసినావు" అంది అక్క, కళ్ళు మిషన్ మీదే పెట్టి. "ఎండలు ముదురుతాండాయి. పిల్లోల్లు దాంట్లో చల్లగా చదువుకుంటారు."

వాడు తాళ్ళ కట్టను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.  వాణ్ణి చూస్తే నాకు జాలి వేసింది. ఇన్నాళ్ళుగా కోపం పెంచుకున్నదంతా దండగ.

"పండగకన్నా వస్తావా?"

"ఎందుకు రాను? పొద్దున వస్తా, పొద్దుగూకే లోపల వచ్చేస్తా. నీ పెండ్లాం దుపట్టా తయారుగా ఉండాది, ఆ సంచిలో. తీసుకోని పో."

సంచి తీసుకున్నాడు. టెంపో ఖాళీగా వెనక్కి తిరిగింది. సందు ఇరుకు, రెండుసార్లు ముందుకూ వెనక్కూ పోనిచ్చి తిప్పుకున్నాడు. ఆ చప్పుడు మెయిన్ రోడ్డు దాకా పోయేవరకు అక్క కదల్లేదు. మిషన్ కూడా ఆగలేదు.

నేను గట్టిగా ఊపిరి వదిలి, ఏం కుడుతోందో చూద్దామని దగ్గరికి పోయాను. గుడ్డ మీద చీనీ ఆకు ఒకటిన్నర ఉంది. ఆ సగం ఆకు తర్వాత ఏమీ లేదు. సూది దిగుతోంది, లేస్తోంది, మలుపులన్నీ తిరుగుతోంది. ఖాళీ గుడ్డకు బెజ్జాలు పడుతున్నాయి. దారం ఎప్పుడో తెగిపోయి కండె నుంచి కిందికి వేలాడుతోంది. దారం తెగితే తనంతట తాను ఆగే ఏర్పాటు ఆ మిషన్‌లో ఏనాడో చెడిపోయిందట.

"దారం తెగిందక్కా. చూసుకోల్యా?"

"చూసినా" అంది. "వాడు వచ్చినప్పుడే తెగింది."

"మరి ఆపల్యా ఎందుకు?"

అక్క అప్పుడు నా వైపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు.

"వాని ముందర ఆపితే మల్ల లేస్తాదో ల్యాదో అని భయమైందమ్మా."

నేను పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. మీట నొక్కి మిషన్ ఆపాను. దారం నేనే ఎక్కించాను. "ఇప్పుడు నొక్కు" అన్నాను. ఆమె ఒకసారి వీధిలోకి తొంగి చూసి, టెంపో లేదని నమ్మకం కుదిరాక నొక్కింది.